బెడ్రూమ్ దూలాలకి గాడి కొట్టి హీటింగ్ పైపులు వేస్తానంటున్నాడు ప్లంబర్, ఒప్పుకోవచ్చా?

రెడింగ్_రాంబాబు
నమస్తే అందరికీ. రెండేళ్ల నుంచి ఈ ఫోరమ్‌లో పోస్టులు చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930ల్లో కట్టిన సెమీ (ఒక పక్క గోడ పొరుగింటితో కలిసిన ఇల్లు) ఒకటి కొన్నాం. ఇల్లు బాగుంది గానీ హీటింగ్ మాత్రం మ్యూజియంలో పెట్టాల్సిందే, అటక మీద చన్నీళ్ల ట్యాంకు, మెట్ల పక్క అల్మారాలో వేణ్ణీళ్ల సిలిండరు, అవన్నీ పీకించేసి కాంబీ బాయిలర్ (ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచేది) పెట్టిస్తున్నాం. బాయిలర్ కింద వంటింట్లో, వేణ్ణీళ్లు తిరిగే రేడియేటర్లు పైన మూడు బెడ్రూముల్లో, కాబట్టి పైప్‌లైన్ మొత్తం కొత్తగా పై అంతస్తు చెక్కల కింద నుంచి పోవాలి.

ఇప్పుడు గొడవేంటంటే ముందు బెడ్రూమ్‌లో ఫ్లోర్‌బోర్డులు లేపి చూస్తే జాయిస్టులు (మన దూలాలే అనుకోండి, సన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి) పైపు దారికి అడ్డంగా ఉన్నాయి. ప్లంబర్ వాటి పైఅంచున గాడి కొట్టి 22 ఎంఎం రాగి పైపులు రెండు, పోయేదొకటి వచ్చేదొకటి, అందులో కూర్చోబెట్టి మీద బోర్డు కొట్టేస్తానంటున్నాడు. అదీ రూము నడిమధ్యలోంచి, ఎందుకంటే బోర్డులు అక్కడ తేలిగ్గా లేచాయట. దూలం కోస్తే ఇల్లు ఏమన్నా అవుతుందా అని అడిగితే నవ్వేసి ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా అన్నాడు. వీడియో కాల్‌లో మా నాన్నగారికి చూపించా, అదే నేను చేసిన తప్పు, ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదంట. ఆ గదిలో బీరువా, పుస్తకాల అల్మారా, మూలన దేవుడి మందిరం వస్తాయి. చేయించుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ప్లంబర్ సోమవారం వస్తాడు.

క్రాయిడన్_కిట్టు
బ్రో టెన్షన్ పడకు. మా ఇల్లు 1904ది, బోర్డులు లేపితే ఒక్కో దూలానికి మూడు నాలుగు గాళ్లు కనిపించాయి, గ్యాస్ దీపాల కాలంలో ఒకడు కొట్టాడు, కరెంటొచ్చినప్పుడు ఒకడు, హీటింగొచ్చినప్పుడు ఇంకొకడు. పైగా ఆ గ్యాస్ పైపులు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఇల్లు నిలబడే ఉంది కదా. ఈ దేశంలో ప్రతి పాతింట్లో ఇదే కథ. ప్లంబర్‌ని పని చేసుకోనివ్వు, దొరకడమే అదృష్టం.

దూలం_బాబాయ్
కిట్టూ, నిలబడే ఉంది అన్నది లెక్క కాదయ్యా. మీ ఇంట్లో మంచం మీద పిల్లలు ఎగిరితే అల్మారాలో గ్లాసులు మోగుతాయని పోయినేడు ఇక్కడే రాశావు, మర్చిపోయావా?

రాంబాబు గారూ, నేను బర్మింగ్‌హామ్ దగ్గర స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, ఇరవై ఏళ్లుగా ఇదే పని. చూడకుండా ఖాయంగా ఏదీ చెప్పను, కానీ టేపు పట్టుకుని మీరు నాలుగు కొలతలు ఇస్తే సగం సంగతి ఇక్కడే తేలుతుంది. దూలం లోతు ఎంత (పైఅంచు నుంచి కింద అంచు దాకా), మందం ఎంత, ఆ దూలం గోడ నుంచి గోడకి మధ్యలో ఆధారం లేకుండా ఎంత దూరం పోతోంది, పైపు దాన్ని దాటేది గోడ నుంచి ఎంత దూరంలో. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం.

రెడింగ్_రాంబాబు
థాంక్స్ అండి. ఇప్పుడే కొలిచా. లోతు 175 ఎంఎం, మందం 50. ఒక దూలానికీ ఇంకో దూలానికీ మధ్య గీత నుంచి మధ్య గీతకి 400. ముందు గోడ నుంచి లోపలి గోడకి 3.6 మీటర్లు. ప్లంబర్ పెన్సిల్ గీత పెట్టింది 1.8 దగ్గర, అంటే కరెక్టుగా మధ్య. ఏడు దూలాలు దాటాలి.

దూలం_బాబాయ్
సరే, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా ఊళ్లో పంటకాలవ దాటడానికి తాటిపట్టె వేసేవాళ్లు, ఇటు గట్టు మీద ఒక కొస, అటు గట్టు మీద ఒక కొస. మనిషి మధ్యకి వచ్చేసరికి పట్టె కిందికి వంగుతుంది. వంగినప్పుడు పైపొర నొక్కుకుంటుంది, అడుగుపొర సాగుతుంది, సరిగ్గా నడిమి పొర మాత్రం నొక్కుకోదు సాగదు, ఊరికే ఉంటుంది. ఈ నొక్కుడు, సాగుడు గట్టు దగ్గర దాదాపు ఉండదు, మధ్యలో అన్నిటికన్నా ఎక్కువ. మీ దూలం కూడా అంతే. కాబట్టి పైఅంచున గాడి కొట్టాలంటే గోడకి దగ్గరగా కొట్టాలి, అక్కడ వంపు తక్కువ. చిల్లు పెట్టాలంటే లోతులో నడిమి గీత మీద పెట్టాలి, అక్కడి చెక్క వంపుకి పెద్దగా పని చెయ్యట్లేదు. మరి చిల్లు గోడని ఆనుకుని ఎందుకు పెట్టకూడదంటే అక్కడ కోతబలం ఎక్కువ, అంటే దూలాన్ని కత్తెరలా తెంపే బలం, అది నడిమి పొరలోనే గట్టిగా పనిచేస్తుంది.

ఇంగ్లండ్‌లో లెక్క ఇదీ, మామూలు కోత కలప దూలాలకి మాత్రమే. గాడి లోతు దూలం లోతులో ఎనిమిదో వంతు దాటకూడదు, అదీ పొడవులో 0.07 నుంచి 0.25 మధ్యలోనే. చిల్లు వ్యాసం దూలం లోతులో నాలుగో వంతు దాటకూడదు, నడిమి గీత మీద, పొడవులో 0.25 నుంచి 0.4 మధ్యలో. రెండు చిల్లులుంటే మధ్య గీతల మధ్య కనీసం మూడు వ్యాసాల దూరం. గాడికీ చిల్లుకీ మధ్య 100 ఎంఎం అయినా వదలాలి.

మీ 3.6 మీటర్లకి వేస్తే: గాడి గోడ నుంచి 252 ఎంఎం తర్వాత మొదలై 900 లోపే ఉండాలి, లోతు 21 ఎంఎం. చిల్లు 900 నుంచి 1440 లోపు, వ్యాసం 43 ఎంఎం దాకా. గోడ అంటే ఏ వైపు గోడైనా సరే. ఇప్పుడు చూడండి, 22 ఎంఎం పైపుకి 21 ఎంఎం గాడి! పైపు బోర్డుకి తగిలి కూర్చుంటుంది, కింద ఫెల్ట్ ముక్క పెట్టడానికి కూడా చోటుండదు. అదే చిల్లైతే 30 ఎంఎం హాయిగా పెట్టుకోవచ్చు. 1.8 దగ్గర మాత్రం గాడీ లేదు చిల్లూ లేదు. సోమవారం అతన్ని ఆపండి.

క్రాయిడన్_కిట్టు
బాబాయ్ ఆ గ్లాసుల సంగతి వేరు, అది అల్మారా తప్పు 😅

కానీ సీరియస్‌గా అడుగుతున్నా, రూల్ అంత క్లియర్‌గా ఉంటే ప్లంబర్లందరూ గాడే ఎందుకు కొడతారు? చిల్లు పెడితే సరిపోయేదిగా.

హనుమకొండ_అక్క
దానికి నేను చెప్త కిట్టూ, ఎందుకంటే నేనే చేస్కున్న మా లెస్టర్ ఇంట్ల. రాగి పైపు మూడు మీటర్ల కర్ర లెక్క వస్తది, వంగదు. దూలానికి దూలానికి నడుమ ఖాళీ 350 ఎంఎం. అందులకెల్లి మూడు మీటర్ల పైపును చిల్లులల్ల ఎట్ల దూరుస్తవ్? దూరదు. చిన్న చిన్న ముక్కలు కోసి ప్రతి దూలం కాడ జాయింటు పెట్టాలె, ఎన్ని జాయింట్లో అన్ని లీకులు. అందుకే పైనుంచి గాడి కొట్టి పైపును పండవెడ్తరు, పది నిమిషాల పని. వాళ్ల సుఖం వాళ్లు చూస్కుంటరు, తప్పు అనను, రోజుకు రెండు ఇండ్లు చేసెటోళ్లు.

గందుకే ప్లాస్టిక్ బ్యారియర్ పైపు. చుట్టలెక్క వస్తది, కరెంటు తీగ గుంజినట్టు చిల్లులల్లకెల్లి గుంజుడే. బ్యారియర్ (గాలిని ఆపే పొర) అని రాసి ఉందో లేదో సూస్కోర్రి, గా పొర లేకుంటే పైపు గోడలకెల్లి గాలి లోపటికి పోయి రేడియేటర్లు లోపల తుప్పు పడ్తయి. దూలాల నడుమ మామూలు డ్రిల్ పట్టది, మూతి అడ్డంగ ఉండే యాంగిల్ డ్రిల్ కిరాయికి తీస్కున్న, పొట్టి ఆగర్ బిట్ (చెక్కల చిల్లు వెట్టే మరమేకు లెక్కటి మొన) తోని. ప్రతి దూలానికి నడిమి గీత గీసి, చిల్లులన్నీ ఒక్క లైన్ల ఉండేటట్టు దారం కట్టి కొట్టిన. రెండు రోజులు నడుము పట్టేసింది అది వేరే ముచ్చట.

రెడింగ్_రాంబాబు
అక్కా సూపర్. ప్లాస్టిక్ అంటే మా ప్లంబర్ మొహం అదోలా పెడుతున్నాడు, ఎలకలు కొరుకుతాయి, పదేళ్లకి పగులుతుంది అంటున్నాడు.

హనుమకొండ_అక్క
ఎలకలు కొరుకుడు అబద్ధం కాదు, ఇంట్ల ఎలకలుంటే ముందుగాల వాటి సంగతి చూడు. పగులుడైతే నేను ఇంకా చూడలె. బాయిలర్ కాడ మొదటి మీటరు రాగే ఉండాలె అని మా బాయిలర్ అతను పట్టువట్టిండు, అది విన్న. జాయింట్లు నేల కింద ఎంత తక్కువ పెడ్తే అంత మంచిది. కోసిన కొసల లోపల ఇన్సర్ట్ (పైపు నొక్కుకపోకుంట పెట్టే చిన్న గొట్టం) పెట్టుడు మర్చిపోకు, మా చుట్టం ఒకాయన మర్చిపోయి కింది హాల్ సీలింగ్ మొత్తం ఊడగొట్టుకున్నడు. బోర్డులు కొట్టకముందే ప్రెషర్ పెట్టి ఒక రాత్రి వదిలెయ్యి.

డాలస్_దొర
ఇక్కడ టెక్సాస్‌లో మాకు హీటింగ్ డక్టుల్లో గాలితోనే, ఈ పైపుల గోల లేదు. కానీ బాత్రూమ్ రీమోడల్ చేసినప్పుడు మా జాయిస్టులకి చిల్లులు పెట్టాల్సొచ్చింది, ఇక్కడి కోడ్‌లో చిల్లు లోతులో మూడో వంతు దాకా పెట్టనిస్తారు, పైఅంచు కింద అంచు రెండింటి నుంచి రెండేసి అంగుళాలు వదలాలి, గాడి ఆరో వంతు దాకా, మధ్య మూడో భాగంలో మాత్రం అసలు కూడదు. కాబట్టి మూడో వంతు పెట్టుకో బ్రో, నో ప్రాబ్లం.

దూలం_బాబాయ్
దొరగారూ, మీ కోడ్ మీ కలపకీ మీ లెక్కకీ సరిపోయేలా రాసుకున్నది. అక్కడి మూడో వంతుని తీసుకొచ్చి ఇక్కడ పెడితే రెడింగ్ కౌన్సిల్ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. ఒకటి గమనించండి, రెండు దేశాల్లోనూ మధ్యలో గాడి మాత్రం వద్దనే అన్నారు. ఇంకోటి, ఇవన్నీ నిండు కలప దూలాలకే. కొత్త ఇళ్లలో ఐ ఆకారంలో వచ్చే జాయిస్టులకి పైపట్టీ, కింది పట్టీ మీద ఒక్క కత్తిగాటు కూడా పడకూడదు, మధ్య పలకలో చిల్లు ఎక్కడ ఎంత పెట్టొచ్చో తయారుచేసిన కంపెనీ చార్టు ఇస్తుంది. మధ్యలో ఇనప జిగ్‌జాగ్ ఉండే రకమైతే అసలు కోసే పనే లేదు, ఆ సందుల్లోంచి పైపులు పోనివ్వడానికే అలా చేశారు.

కొండాపూర్_203
సార్ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మాది హైదరాబాద్. మా ఫ్లాట్‌లో వంటింటి చిమ్నీ గొట్టం బయటికి తియ్యాలి, ఇంటీరియర్ అతను కాంక్రీట్ బీమ్‌లోంచి ఆరంగుళాల కోర్ కటింగ్ (మెషిన్‌తో గుండ్రటి చిల్లు) చేస్తానంటున్నాడు. ఏసీ రాగి పైపులకి ఇంకో రెండు. మీరు చెప్పిన నడిమి గీత లెక్క మాకూ పనికొస్తుందా?

దూలం_బాబాయ్
రాదు!! దయచేసి అతన్ని ఆపు తమ్ముడూ. కాంక్రీట్ బీమ్‌లో కాంక్రీటు సాగుడుని మొయ్యదు, అడుగున ఉన్న ఇనపకడ్డీలు మోస్తాయి, కోతబలానికి రింగులు ఉంటాయి. కోర్ మెషిన్ కాంక్రీటునీ కడ్డీనీ ఒకేలా కోసుకుంటూ పోతుంది, రింగు తెగిందా పెద్ద కడ్డీ తెగిందా అన్నది ఆ సిలిండర్ ముక్క బయటికొచ్చాక గానీ తెలీదు, తెగాక అతికించేది లేదు. బీమ్‌లో గొట్టం పోవాలంటే స్లాబ్ పోసేముందే స్లీవ్ (చిల్లు కోసం వదిలే గొట్టం) పెట్టి దాని చుట్టూ అదనపు కడ్డీలు కట్టాలి. మీ చిమ్నీ గొట్టం బీమ్ కింద ఇటుక గోడలోంచో కిటికీ పైన వెంటిలేటర్‌లోంచో తీయించు, ఒక వంపు ఎక్కువైతే అయింది. ఏసీ పైపులూ అంతే. అది నీ ఒక్కడి బీమ్ కాదు, పై అంతస్తులవాళ్లది కూడా.

కొండాపూర్_203
కిటికీ పైన తీస్తే లుక్ పోతుందంటున్నాడు సార్ 🙁 సరే మా ఆవిడకి ఈ పోస్టు చూపిస్తా.

హీట్‌పంప్_హరి
రాంబాబు గారూ ఎలాగూ నేల మొత్తం లేపుతున్నారు కాబట్టి ఒక మాట. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి మొత్తం హీటింగ్ సిస్టమ్ కొత్తగా వేస్తుంటే నీళ్లు 55 డిగ్రీలకి మించకుండా పనిచేసేలా డిజైన్ చెయ్యాలని రూల్ పెట్టారు, కుదిరినంతవరకు. నీళ్లు అంత వేడి లేనప్పుడు రేడియేటర్ పెద్దది కావాలి, నీళ్లు ఎక్కువ పారాలి, పైపు లావు కావాలి. రేపు హీట్‌పంప్‌కి (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లు వేడిచేసే కరెంటు మెషిన్) మారితే మెయిన్ లైన్ 28 ఎంఎం అడగొచ్చు. అప్పుడు మళ్లీ బోర్డులు లేపుతారా? నేను అదే పొరపాటు చేశా, రెండేళ్లలో రెండుసార్లు కార్పెట్ పీకా, గవర్నమెంటు 7,500 పౌండ్లు ఇచ్చింది గానీ కార్పెట్‌కి ఎవడిస్తాడు.

రెడింగ్_రాంబాబు
హరి గారూ 28 అంటే ఇంకా పెద్ద చిల్లు కదా, మా ఆవిడ ఈ థ్రెడ్ చదువుతోంది, దయచేసి ఇంకో ఖర్చు చెప్పకండి 😀

ప్లంబర్‌కి మెసేజ్ పెట్టా, మధ్యలో కొట్టొద్దు, గోడ నుంచి మీటరు దూరంలో చిల్లులు పెట్టి ప్లాస్టిక్ వేద్దాం అని. చూశాడు, రిప్లై ఇవ్వలేదు.

రెడింగ్_రాంబాబు (మూడు రోజుల తర్వాత)
అయిపోయిందండీ, జరగకూడదనుకున్నదే జరిగింది. సోమవారం ఆఫీసులో మీటింగులు, తాళం ముందే ఇచ్చి ఉన్నా. సాయంత్రం వచ్చి చూస్తే ఏడింట్లో అయిదు దూలాలకి నడిమధ్యలో గాళ్లు కొట్టేసి ఉన్నాయి. కొలిచా, 45 ఎంఎం లోతు, 100 వెడల్పు, రెండు పైపులూ ఒకే గాడిలో. అంత లోతెందుకంటే పైపుకి తొడిగే ఫోమ్‌తో సహా పట్టాలి కదా అన్నాడు. మెసేజ్ చూశావు కదా అంటే అది కొత్త ఇళ్ల రూలు, పాతిళ్లకి వర్తించదు అన్నాడు. నాకు అరవడం రాదు, మా ఆవిడ అరిచింది. ఆ గదిలోకి ఎవర్నీ వెళ్లనివ్వట్లేదు. నాన్నగారికి చెప్పలేదు.

ఇప్పుడేం చెయ్యాలి బాబాయ్ గారూ? నేల కూలుతుందా?

దూలం_బాబాయ్
రేపు పొద్దున్న కూలదు, ముందు స్థిమితపడండి. కానీ అలా వదిలేసేదీ కాదు.

175లో 45 పోతే 130 మిగిలింది. వంపుకి దూలం బలం లోతు వర్గం మీద ఆధారపడుతుంది, అంటే 130ని 175తో భాగించి దాన్ని దాంతోనే గుణిస్తే 0.55. ఆ చోట నూటికి నలభై అయిదు పాళ్ల బలం పోయింది, అదీ అందరికన్నా ఎక్కువ మొయ్యాల్సిన చోట. పైగా గాడి మూలలు రంపంతో చదరంగా కోసి ఉంటాడు, అలాంటి పదును మూలలోంచే చీలిక మొదలవుతుంది. ఎందుకు కూలదంటే, ఇంటి నేలని చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్ల బరువుకి లెక్కేస్తారు, అంటే దాదాపు 150 కిలోలు, మామూలు బెడ్రూమ్‌లో రోజూ అంత ఎక్కడుంటుంది. పైన కొట్టిన బోర్డులు కూడా ఒక దూలం బరువుని పక్కదానికి కాస్త పంచుతాయి. కానీ పదిమంది చుట్టాలొచ్చి ఆ గదిలో నిలబడి హారతి ఇచ్చే రోజు ఒకటి ఉంటుంది కదా.

పైపుల్లో నీళ్లు నింపొద్దు, బోర్డులు మూయొద్దు, మీ దగ్గర్లో ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించండి, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పండి. పాతిల్లయినా కొత్తిల్లయినా, ఉన్నదాన్ని బలహీనం చేసే హక్కు ఎవడికీ లేదు. ఫొటోలు టేపు పక్కన పెట్టి తియ్యండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సర్వేయర్ అడిగితే కాగితం చేతిలో ఉండాలి.

కడప_వడ్రంగి_మనవడు
మా తాత వడ్రంగి, మిద్దెలకి దూలాలు ఎత్తేవాడు. ఆయన పద్ధతి ఒకటి గుర్తొచ్చింది, ఎవరైనా తప్పుగా తొలిచిన చోట అదే చేవ ఉన్న చెక్క ముక్క బిగుతుగా దిగ్గొట్టేవాడు, బరువుకి పైభాగం నొక్కుకుంటుంది కాబట్టి ముక్క ఇంకా బిగుస్తుంది అనేవాడు. ఇక్కడా గాడిలోంచి పైపు తీసేసి గట్టి చెక్క ముక్క దిగ్గొట్టి జిగురు పెడితే సరిపోదా? చీప్‌లో అయిపోతుంది.

దూలం_బాబాయ్
మీ తాతగారు బలం ఎటు పోతుందో చూసి పనిచేసిన మనిషి. పైఅంచు నొక్కుకునే వైపే, కాబట్టి గాలి దూరనంత బిగుతుగా కూర్చున్న ముక్క కొంత మోస్తుంది. చిక్కెక్కడంటే హీటింగ్ ఉన్న ఇంట్లో చెక్క ఆరుతుంది, అర మిల్లీమీటరు కుంచించుకుపోతే చాలు, దూలం ఆ అర మిల్లీమీటరు వంగిన తర్వాతే ముక్క పని మొదలుపెడుతుంది. చిన్న పాత గాడైతే నేనూ ముక్క వేయించి ఊరుకుంటాను, మూడు నాలుగు చేయించాను కూడా. 45 ఎంఎం, అయిదు వరస దూలాలు, నడిమధ్య, దీన్ని ముక్క మీద వదిలి సంతకం పెట్టలేను. కోసిన ప్రతిదాని పక్కన ఇంకో దూలం ఆనించి బిగించాల్సిందే.

క్రాయిడన్_కిట్టు
నేను మొదట్లో వదిలెయ్ అన్నందుకు సారీ బ్రో. నిన్న రాత్రి మా గదిలో ఒక బోర్డు లేపి చూశా. కొలతలు పెట్టను, బాబాయ్ తిడతాడు.

దూలం_బాబాయ్
పెట్టు.

రెడింగ్_రాంబాబు (మూడు వారాల తర్వాత)
అప్‌డేట్. కొంచెం పెద్దది.

ఇంజనీర్ గారొచ్చారు, పంజాబీ ఆవిడ, అరగంట పడుకుని టార్చి వేసి చూశారు, 320 పౌండ్లు తీసుకున్నారు. బాబాయ్ చెప్పిందే అటూ ఇటూగా. పైపులు తీసెయ్యాలి, ప్రతి కోసిన దూలం పక్కన అదే లోతున్న సీ24 రకం (బలం గ్రేడు) కలప 2.4 మీటర్ల ముక్క ఆనించి, ఎం12 (12 ఎంఎం) బోల్టులు పైకీ కిందకీ మార్చి మార్చి బిగించాలి, రెండు చెక్కల మధ్యలో పళ్లున్న గుండ్రటి రేకులు పెట్టాలి. గోడ నుంచి గోడకి పూర్తిగా ఎందుకు కాదంటే కొసలు ఇటుకలోకి దిగి ఉన్నాయి, కొత్తది దూర్చాలంటే గోడ కొట్టాలి, అంత అవసరం లేదు అన్నారు, మధ్య భాగం కవరైతే చాలట.

బిగించేముందు కింద హాల్లో పలక వేసి ఇనప జాకీలు పెట్టి నేలని మెల్లగా పైకి లేపారు, వంగిన దూలానికి కొత్తది బిగిస్తే ఆ వంపు అలాగే ఖాయమైపోతుందంట. ఇది నాకు తట్టని విషయం. లేపుతుంటే హాల్ సీలింగ్ పాత సున్నంది కదా, సన్నగా ఒక పగులు ఇచ్చింది, అది రంగు వేసేటప్పుడు చూసుకోవాలి. ఇంజనీర్ గారు ఇంకోటి కూడా అడిగారు, సీలింగ్ మీద గరుకు పూత ఏమైనా ఉందా అని, 1999కి ముందు వేసినదైతే అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గోకకుండా టెస్ట్ చేయించాలి అన్నారు. మాది సాదాదే, బతికిపోయాం.

పైపులు గోడ నుంచి 1.0, 1.2 మీటర్ల దగ్గర 30 ఎంఎం చిల్లుల్లోంచి, ప్లాస్టిక్ బ్యారియర్, అక్క చెప్పినట్టే. పక్కన బిగించిన కొత్త కలపకి కూడా అదే చోట చిల్లు పడాలి కాబట్టి రెండూ కలిపి ఒకేసారి కొట్టారు. కార్పెంటర్ రెండు రోజులు, కలప, బోల్టులు కలిపి 740. ప్లంబర్ మొదట ఒప్పుకోలేదు, ఇంజనీర్ రిపోర్ట్ పంపాక తన ఫైనల్ బిల్లులో 500 తగ్గించాడు, మాట్లాడటం మానేశాడు, బాయిలర్ మాత్రం బాగానే పెట్టాడు, గ్యాస్ సేఫ్ (ఇక్కడ గ్యాస్ పనివాళ్ల రిజిస్టర్) సర్టిఫికెట్ వచ్చింది. కింది అంతస్తులో హాలుకీ ముందు గదికీ పైపులైతే అసలు ఏ దూలం కొయ్యలేదు, అక్కడ చెక్కనేల కింద మోకాలెత్తు ఖాళీ ఉంది, దూలాల అడుగున క్లిప్పులతో వేలాడదీసి ఫోమ్ తొడిగాం.

హనుమకొండ_అక్క
మంచిగయింది తమ్మీ. పైపు మీది బోర్డుల మీద పెన్సిల్ తోని ‘కింద పైపు’ అని రాసినవా? రేపు కార్పెటోడొచ్చి మొల కొడ్తడు. నడిమి గీత మీద పోతే మొల అందదు గని, పైపు రేడియేటర్ కాడ పైకి లేచే చోట అందుతది. అక్కడ ఇనుప పలక బిగియ్యి.

రెడింగ్_రాంబాబు
రాశానక్కా, రెడ్ మార్కర్‌తో.

దూలం_బాబాయ్
బీరువా దూలాల కొసల దగ్గర, గోడని ఆనించి పెట్టుకోండి, మధ్యలో కాదు. బాగు చేయించినా సరే.

కొండాపూర్_203
మేం గొట్టం వెంటిలేటర్‌లోంచే తీయించాం సార్. లుక్ ఏం పోలేదు. పక్క ఫ్లాట్‌వాళ్లు మాత్రం బీమ్‌కే కొట్టించారు, అసోసియేషన్‌లో చెప్పాలంటే మొహమాటంగా ఉంది.

దూలం_బాబాయ్
చెప్పు. ఫొటో తీసి గ్రూపులో పెట్టు, పేరు రాయకు.

రెడింగ్_రాంబాబు (నవంబర్‌లో)
పాత థ్రెడ్ లేపుతున్నందుకు సారీ. నాన్నగారొచ్చారు, ఆ గదిలోనే పడుకుంటున్నారు. మొదటిరోజు చెప్పులు విప్పి నేలని మడమతో నాలుగుచోట్ల తన్ని చూసి, సరేలే అన్నారు, అంతే, ఆయన నోటి నుంచి అంతకన్నా రాదు. ఇప్పుడు కొత్త గోల, పొద్దున్న ఆరింటికి హీటింగ్ ఆన్ అవగానే నేల కింద టిక్ టిక్ టిక్ మని పది నిమిషాలు చప్పుడు, మళ్లీ ఆగిపోతుంది. బల్లి అనుకుని రెండు రోజులు వెతికారు పాపం. ఏదైనా ప్రమాదమా?

దూలం_బాబాయ్
ప్రమాదం కాదు. వేడికి పైపు పొడవు పెరుగుతోంది. మూడు మీటర్ల రాగి పైపు 50 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర ఎంఎం సాగుతుంది, ప్లాస్టిక్ అయితే ఇంకా చాలా ఎక్కువ. ఎక్కడో చెక్కకి గానీ క్లిప్పుకి గానీ రాసుకుంటూ జారుతోంది, జారినప్పుడల్లా ఒక టిక్. మీ చిల్లులు 30 కాబట్టి అక్కడ కాకపోవచ్చు.

హనుమకొండ_అక్క
మాకు గూడ అయింది. గోడ పొంటి మలిగే కాడ క్లిప్పు గట్టిగ బిగిస్తరు, అక్కడ్నే చప్పుడు. ఆ ఒక్క బోర్డు లేపి క్లిప్పు తీసి, పైపు కింద ఫెల్ట్ ముక్క పెట్టు, ఐదు నిమిషాల పని. ఏ బోర్డు కింద మలిగిందో గుర్తుందా?

రెడింగ్_రాంబాబు
గుర్తుందక్కా. రెడ్ మార్కర్‌తో రాసి మరీ పెట్టా. బాబాయ్ చెప్పారని గోడని ఆనించి బీరువా దాని మీదే పెట్టాం.